స్పోర్ట్స్ బైక్‌ను దూరప్రయాణానికి అనువుగా మార్చుకోవడం ఎలా?

యమహా ఆర్15, కేటీఎం ఆర్‌సీ 390 వంటి బైకుల మీద విశాఖ బీచ్ రోడ్డున భీమిలి దాకా వెళ్లి రావడం హాయిగానే ఉంటుంది. అదే బండి మీద 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దాదాపు 350 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు బయలుదేరితే, తుని చేరేసరికే మణికట్లు, మెడ, నడుము మొరపెట్టుకుంటాయి. ముందుకు వంగి కూర్చునే ఆ భంగిమ అధిక వేగానికి ఉద్దేశించినది. ఆ వేగంలో ఛాతీకి తగిలే గాలే శరీర భారాన్ని కొంత మోస్తుంది. మన రోడ్ల మీద గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంలో గాలికి అంత బలం ఉండదు కనుక ఆ భారం అరచేతుల మీద పడుతుంది. అందువల్ల మార్పులన్నీ చేతుల మీది బరువును తగ్గించేవిగా ఉండాలి. వాటిని ఒకేసారి కాక, ఒక్కొక్కటిగా చేసి, నడిపి చూసి ముందుకు వెళ్లాలి.

ముందుగా ఖర్చు లేని సర్దుబాట్లు పూర్తిచేయండి. క్లచ్, బ్రేక్ లివర్లను కొద్దిగా కిందికి తిప్పి, ముంజేయి, వేళ్లు ఒకే వరుసలో ఉండేలా బిగించుకోండి. తర్వాత వెనుక సస్పెన్షన్ ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందుగానే ఎంత నొక్కి ఉంచారన్నది చూడాలి. వెనుక చక్రం గాలిలోకి లేచేలా బండిని ఎత్తించి, ఇరుసు నుంచి సీటు కింద ఏదైనా ఒక గుర్తు వరకు కొలవండి. ఆ తర్వాత సామానుతో సహా మీరు ఎక్కి కూర్చున్నప్పుడు, పక్కన ఉన్నవారితో అదే కొలత మళ్లీ తీయించండి. ఈ రెండింటి తేడా సస్పెన్షన్ మొత్తం కదలికలో సుమారు 30 శాతం ఉంటే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ కుంగితే ప్రీలోడ్ పెంచాలి, తక్కువ కుంగితే తగ్గించాలి. టైర్ల గాలిని బండి నడపకముందు, చల్లగా ఉన్నప్పుడే, కంపెనీ సూచించిన అంకెకు సరిచూడండి.

అసలు మార్పు హ్యాండిల్‌ది. ఫోర్క్‌ను (ముందు చక్రాన్ని మోసే జంట గొట్టాలను) పట్టుకుని ఉండే క్లిప్-ఆన్ హ్యాండిళ్లను మీ మోడల్‌కు సరిపోయే రైజర్లతో (హ్యాండిల్‌ను ఎత్తే లోహపు ముక్కలతో) 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకి, వీలైతే కొంచెం వెనక్కి తెచ్చుకుంటే చాలు. ఇంకా పెంచితే కేబుళ్లు, బ్రేక్ హోస్ (బ్రేక్ ద్రవం వెళ్లే గొట్టం) చాలవు. పైగా బరువు వెనక్కి పోయి ముందు చక్రం తేలికవుతుంది. నిటారుగా కూర్చున్న మనిషి హైవే గాలికి తెరచాపలా అడ్డుపడతాడు కనుక భుజాలు కూడా త్వరగా అలసిపోతాయి. నట్లను ఉజ్జాయింపుగా కాక, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న కొలతకే బిగించమని మెకానిక్‌ను అడగడానికి మొహమాటపడకండి.

బిగించిన తర్వాత మూడు పరీక్షలు తప్పనిసరి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి వరకు తిప్పినప్పుడు మీ వేళ్లు ట్యాంకుకు గానీ ఫెయిరింగ్‌కు (బండి ముందరి ప్లాస్టిక్ తొడుగుకు) గానీ నలగకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా అలాగే తిప్పితే ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి ఇంజిన్ వేగం) పెరగకూడదు. పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్లే. ముందు చక్రాన్ని గాలిలోకి ఎత్తి, ఫోర్క్ పూర్తిగా సాగినప్పుడు కూడా బ్రేక్ హోస్ బిగుసుకోకూడదు. వీటిలో ఒక్కటి విఫలమైనా బండిని రోడ్డెక్కించవద్దు.

అతి చౌకైనదీ, చాలామంది చిన్నచూపు చూసేదీ ట్యాంకుకు రెండు పక్కలా అతికించే రబ్బరు గ్రిప్ ప్యాడ్. అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్నప్పుడు బ్రేక్ వేసిన ప్రతిసారీ ఒళ్లంతా చేతుల మీదికి జారుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోగలిగితే ఆ బరువు తొడల మీదికి మారుతుంది.

సీటును హ్యాండిల్ తర్వాతే ముట్టుకోవాలి, ఎందుకంటే సీటు ఎత్తు పెరిగితే మోకాళ్లకు సుఖమైనా మణికట్లపై బరువు మళ్లీ పెరుగుతుంది. దుకాణంలో నొక్కి చూసి మెత్తటి ఫోమ్‌ను ఎంచుకోవడం పొరపాటు. గంట గడిచేసరికి అది పూర్తిగా అణిగి, కింది ప్లాస్టిక్ తగులుతుంది. కింద గట్టి ఫోమ్, దానిపైన పలుచని మెత్తటి పొర వేయించి, ట్యాంకు వైపు జారే వాలును చదును చేయించండి. కుట్లు కూర్చునే చోట కాకుండా అంచుల్లో ఉండేలా చూసుకుంటే వాన నీరు అంతగా లోపలికి దిగదు. జెల్ ప్యాడ్‌ను మాత్రం నేను సిఫారసు చేయను, మన ఎండలో ఆపిన బండి సీటు మీద అది కాలిపోతూ ఉంటుంది.

ఫుట్‌పెగ్‌లను కిందికి దించితే మోకాళ్లకు సుఖమే గానీ ఘాట్ మలుపుల్లో అవి నేలకు రాసుకునే ప్రమాదం ఉంది కనుక ఈ మార్పు చివరికి వదిలేయవచ్చు. విండ్‌షీల్డ్‌ను కొంచెం ఎత్తుది వేసుకోండి, కానీ దాని పై అంచు మీదుగా రోడ్డు కనబడాలి. గాలి పూర్తిగా ఆగిపోతే సముద్రతీరపు ఉక్కపోతలో చెమటతో తడిసిపోతారు.

సామాను బరువైనది వీలైనంత కిందుగా, ముందుకు ఉండాలి. పక్క సంచులు సైలెన్సర్‌కు తగలకుండా స్టే (సంచిని ఎడంగా ఆపే ఇనుప కమ్మీ) కట్టించుకోండి. ఫోన్ చార్జర్‌కు ప్రత్యేక ఫ్యూజు పెట్టించి, బండి తాళంచెవి తీసేసినప్పుడు కరెంటు ఆగిపోయేలా కలిపించాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. అందువల్ల ఇంజిన్ జోలికి పోవద్దు, తీసిన ఒరిజినల్ భాగాలను భద్రపరచండి, చేసిన మార్పులను బీమా కంపెనీకి తెలియజేయండి.

మార్పులన్నీ అయ్యాక తొలి పరీక్షకు విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల అరకు దారి సరిపోతుంది, అందులో హైవే, ఘాట్ రెండూ ఉన్నాయి. తిరిగి వచ్చాక కొత్తగా వేసిన ప్రతి బోల్టునూ మళ్లీ సరిచూడండి. ఉప్పుగాలికి ఇక్కడ మామూలు బోల్టులు త్వరగా తుప్పుపడతాయి కనుక బయటికి కనిపించేవి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించి, మరలకు గ్రీజు రాయించండి.