పిల్లలకు రాత్రిపూట తీవ్రమైన తలనొప్పి: ఇంట్లో ఏం చూడాలి, దవాఖానకు ఎప్పుడు పోవాలి

పగలొచ్చే తలనొప్పి వేరు, నిద్రలోంచి లేపే తలనొప్పి వేరు. ఎండలో ఆడొచ్చిన పిల్లాడు సాయంత్రం తల పట్టుకుంటే నీళ్లు తాగించి, అన్నం తినిపించి పడుకోబెడితే చాలాసార్లు అదే తగ్గిపోతుంది. నడిరాత్రో తెల్లవారుజామునో తలనొప్పితో ఏడుస్తూ లేచి, భళ్లున వాంతి చేసుకుని, ఆ తర్వాత తేలికపడి బడికి పోయే పిల్లల దగ్గరే మోసపోతాం. మన వైపు దాన్ని పైత్యం అంటారు, గ్యాస్ అంటారు, దిష్టి అంటారు. రాత్రి తలనొప్పి, పొద్దుగాల వాంతి రెండూ జతగా వస్తుంటే ముందు తల గురించి ఆలోచించాలి, కడుపు సంగతి తర్వాత.

పడుకున్నప్పుడు తల నుంచి గుండెకు రక్తం దిగడం నెమ్మదిస్తుంది. నిద్రలో ఊపిరి కాస్త మందగించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాంతో మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. గడ్డ వల్లనో, నీరు చేరడం వల్లనో, ఇన్ఫెక్షన్ వల్లనో పుర్రె లోపల ఒత్తిడి ముందే ఎక్కువున్న పిల్లలకు ఈ కొద్దిపాటి పెరుగుదల చాలు. లేచి కూర్చుంటే ఒత్తిడి కొంత దిగుతుంది. కాబట్టే డాక్టర్ దగ్గరికి పోయే పది గంటల వేళకు పిల్లాడు నవ్వుతూ ఉంటాడు.

అట్లాగని ప్రతి తల్లీ గడ్డ అని భయపడాల్సిన పని లేదు. రాత్రి లేపే తలనొప్పుల్లోనూ చాలావరకు మైగ్రేనే. పిల్లల్లో అది పెద్దవాళ్లలా ఒక పక్కకే రాకుండా నుదురంతా వస్తుంది. వెలుతురు, చప్పుడు పడవు, వికారం ఉంటుంది, చీకటి గదిలో నిద్రపోతే తగ్గుతుంది. అమ్మకో మేనమామకో ఇదే బాధ ఉండటం సాధారణం. అది వచ్చిపోయే మధ్య రోజుల్లో పిల్లాడు పూర్తిగా బాగుంటాడు. గడ్డ తలనొప్పి అట్లా కాదు, వారం వారం పెరుగుతూ పోతుంది.

ఆ రాత్రి చేయాల్సింది

లైట్ వేసి పిల్లను కూర్చోబెట్టండి. జ్వరం థర్మామీటర్‌తో చూడండి, చేత్తో ముట్టి కాదు. గడ్డం ఛాతీకి ఆనించమనండి. జ్వరం ఉండి, మెడ బిగుసుకుని వంగకపోతే అది మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కావొచ్చు. తర్వాత ఒక కన్ను మూసి, మళ్లీ రెండూ తెరిచి మీ వేలు ఒకటిగా కనిపిస్తోందా రెండుగానా అడగండి. మడమ వేళ్లకు ఆనేటట్టు ఒక గీత మీద పది అడుగులు నడవమనండి. నిద్రమత్తులో ఒకటి రెండు అడుగులు తడబడటం మామూలే, కాబట్టి మెలకువ పూర్తిగా వచ్చాక రెండోసారి చూడండి. అప్పుడూ తాగినట్టు తూలితే, మెల్లకన్ను కొత్తగా వస్తే, తల ఎప్పుడూ ఒక పక్కకు వంచి పెడుతుంటే చిన్నమెదడు దగ్గర ఏదో ఉందేమో చూపించుకోవాలి. మాటలు రాని పసిపిల్లలు నొప్పిని చెప్పలేరు. తల గోడకు కొట్టుకుంటారు, జుట్టు పీక్కుంటారు, ఎత్తుకున్నా ఊరుకోరు. ఏడుపు ఆగి కూర్చోబెట్టినప్పుడు కూడా మాడు ఉబ్బి గట్టిగా తగిలితే ఆగొద్దు.

వీటిలో ఏది కనిపించినా, లేక ఫిట్స్, మాట తడబాటు, కాలు చేయి బలహీనపడటం, లేపినా సరిగా లేవకపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా పోని ఎర్ర మచ్చలు, తలకు దెబ్బ తగిలిన రోజుల్లో మొదలైన నొప్పి, క్షణంలో పిడుగులా వచ్చిన నొప్పి ఉన్నా, పొద్దుటి దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మత్తుగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నోట్లో నీళ్లు, మందు పోయొద్దు.

ఇవేవీ లేకుంటే పారాసిటమాల్ ఇవ్వొచ్చు, వయసును బట్టి కాదు బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు. అంటే 20 కిలోల పిల్లకు 300 మిల్లీగ్రాములు. ఇక్కడే తప్పు జరిగేది: మందుల దుకాణంలో 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాములు ఉన్న సీసాలు పక్కపక్కనే ఉంటాయి. 250 సీసాలోంచి 6 మిల్లీలీటర్లు చాలు, 125 దాంట్లోంచి 12 కావాలి. సీసా మీద అంకె చూసి, స్పూన్‌తో కాకుండా మూతతో వచ్చిన కొలతతోనో సిరంజితోనో పోయండి. మింగిన అరగంటలోపు కక్కేస్తే ఇంకోసారి ఇవ్వొచ్చు, ఆ తర్వాతైతే వద్దు. రెండు మోతాదులకు మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు నాలుగుకు మించొద్దు. తల కింద దిండ్లు పెట్టి పైభాగం కాస్త ఎత్తుగా పడుకోబెట్టండి. ఇబుప్రొఫెన్ మైగ్రేన్‌కు బాగా పనిచేస్తుంది, కానీ జ్వరంతో పాటు తలనొప్పి ఉన్న వానాకాలంలో డెంగీ కాదని తేలేదాకా ముట్టొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే కేంద్రం నిషేధించింది. ఇంట్లో పాత స్ట్రిప్ ఉంటే పారేయండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించే అలవాటు గురించి ఒక మాట. డెక్సామెథసోన్ సూది వేస్తే గడ్డ చుట్టూ ఉన్న వాపు దిగి నాలుగు రోజులు నొప్పి మాయమవుతుంది. "ఆయన చేయి మంచిది" అనుకుంటాం. జబ్బు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. కర్పూరం కలిసిన బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు రాయొద్దు. వాతలు పెట్టించడం గురించి చెప్పాల్సిన అవసరమే ఉండకూడదు.

మిగతా కారణాలు

చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకున్న ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే అది బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్. వెంటనే బయటికి తీయండి, తర్వాత మిగతా ఆలోచన. వేసవిలో నీళ్లు తగ్గిన పిల్లలకు ఓఆర్‌ఎస్ ఇవ్వండి, పెద్ద పాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. ముఖం ఉబ్బి, మూత్రం టీ రంగులో ఉంటే కిడ్నీ జబ్బు వల్ల బీపీ పెరిగి ఉండొచ్చు, కాబట్టి బీపీ చూపించండి. చర్మం మీద పుండ్లు, గొంతు నొప్పి వచ్చిన కొన్ని వారాలకు ఇది రావడం తెలిసిన విషయమే. రాత్రంతా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగే పిల్లలు పొద్దుగాల తలనొప్పితో లేస్తారు, వాళ్లకు ముక్కు, గొంతు డాక్టర్ కావాలి. నల్లగొండలో ప్రతి నొప్పికీ ఫ్లోరైడ్‌ను తిట్టడం ఉంది. అది పళ్లను, ఎముకలను దెబ్బతీసే మాట నిజమే, రాత్రి తలనొప్పికి మాత్రం దాని మీద నెపం పెట్టి ఊరుకోవద్దు.

దవాఖానలో

నోటుపుస్తకంలో రెండు వారాలు రాయండి: లేచిన టైమ్, ఎంతసేపు, వాంతి ఉందా, దగ్గినా వంగినా పెరిగిందా, ఏ మందు ఎంత ఇచ్చారు, ఆ రోజు భోజనం, నిద్ర. ఇది లేకుంటే డాక్టర్ అడిగేవాటికి "అప్పుడప్పుడు" అనే జవాబే వస్తుంది. నొప్పి మాత్రలు వారంలో రెండు మూడు రోజులు దాటుతున్నాయా అన్నదీ ఆ పేజీలోనే తేలుతుంది, ఎందుకంటే ఎక్కువైతే మాత్రలే తలనొప్పి తెస్తాయి. మైగ్రేన్ తరచుగా ఉంటే పొద్దున టిఫిన్ మానకుండా, నిద్ర ఒకే వేళకు ఉండేటట్టు చూడటం మందుతో సమానం. గురుకుల హాస్టల్లో ఉండే పిల్లలైతే వార్డెన్‌కు చెప్పి ఉంచండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నాయి. పిల్లల డాక్టర్‌ను బీపీ, కంటి లోపలి నరం చూడమని అడగండి. చుక్కలు వేసి చూస్తే ఒత్తిడి వల్ల నరం ఉబ్బిందో లేదో తెలుస్తుంది, ఖర్చు పెద్దగా ఉండదు. అనుమానం ఉంటే స్కాన్. సీటీ త్వరగా అవుతుంది, చిన్నమెదడు భాగాన్ని ఎమ్మారై బాగా చూపిస్తుంది. అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లో నిలోఫర్, నిమ్స్ ఉన్నాయి. రెండు జిల్లా కేంద్రాల నుంచి సుమారు 100 కిలోమీటర్లు. ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ ఉంటుంది, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు, రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. చిన్నపిల్లకు ఎమ్మారై మత్తు ఇచ్చి తీస్తారు కాబట్టి సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా ఆపమంటారు. తల్లిపాలు తాగే పిల్లకు నాలుగు గంటలు. టీలో ముంచిన ఒక్క బిస్కెట్ తినిపించినా ఆ రోజు స్కాన్ వాయిదా పడుతుంది.