విమానం మానేసి రైల్లో యూరప్ దాటాలంటే: ముందు రైలు మారే చోటు చూసుకోండి

లండన్ నుంచి బార్సిలోనాకు రైల్లో వెళ్లడం ఒక్క రోజు పని. సెయింట్ పాంక్రాస్‌లో పొద్దున్నే, బ్రిటన్ నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కితే సుమారు 2 గంటల 20 నిమిషాల్లో పారిస్‌లోని గార్ దు నార్ వస్తుంది. అక్కణ్ణుంచి గార్ ద లియోన్ అనే మరో స్టేషన్‌కు చేరి, టీజీవీ అనే ఫ్రాన్స్ వేగపు రైలు పట్టుకుంటే, దాదాపు 6 గంటల 45 నిమిషాల్లో బార్సిలోనా సాంట్స్‌లో దిగుతారు. ఈ ప్రయాణం ఎక్కడైనా చెడిందంటే, చాలావరకు ఆ రెండు రైళ్ల మధ్యలోనే చెడుతుంది. టికెట్లు అమ్మే వెబ్‌సైట్ మాత్రం మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో పైన పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, మారే చోట ఎంత వ్యవధి ఉందో ముందు చూడండి.

పారిస్‌నే తీసుకుందాం. గార్ దు నార్ నుంచి గార్ ద లియోన్‌కు ఆర్‌ఈఆర్ డి అనే నగర రైలు లైన్‌లో రెండో స్టాపే. రైల్లో కూర్చునేది పది నిమిషాల లోపు. కానీ యూరోస్టార్ పొడవాటి ప్లాట్‌ఫారం దాటాలి, కిందికి దిగాలి, టికెట్ తీసుకోవాలి, బండి కోసం ఆగాలి, అవతల టీజీవీ ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. అన్నీ కలిపితే ముప్పావు గంట. కాబట్టి వెళ్లేటప్పుడు గంటన్నర పెట్టుకుంటే యూరోస్టార్ అరగంట ఆలస్యమైనా బండి తప్పదు.

తిరుగు ప్రయాణంలో ఆ గంటన్నర చాలదు. యూరోస్టార్‌కు ఫ్రాన్స్ నుంచి బయటికి, బ్రిటన్ లోపలికి రెండు తనిఖీలూ పారిస్‌లో రైలెక్కకముందే జరుగుతాయి. మామూలు టికెట్ ఉన్నవాళ్లకు బయలుదేరడానికి 30 నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు. అంతకు ముందు క్యూ, సామాను స్కానింగ్ ఉంటాయి. పైగా 2025 అక్టోబరు నుంచి యూరోపియన్ యూనియన్ కొత్త ప్రవేశ నమోదు పద్ధతి మొదలైంది. యూరోపియన్ యూనియన్‌కు, షెంగెన్‌కు (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) బయటి దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం వల్ల లైన్లు నెమ్మదిస్తాయి. తిరిగొచ్చేటప్పుడు రెండు రైళ్ల మధ్య మూడు గంటలు ఉంచుకోండి. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వీసా విడిగా కావాలి. లండన్ గడియారం పారిస్ కంటే ఒక గంట వెనక అన్న సంగతి టైంటేబుల్‌కు తెలుసు. చేత్తో లెక్కలు వేసుకునేవాళ్లే మరిచిపోతుంటారు.

టికెట్లు కొనే వరుస కూడా ముఖ్యమే. ప్రయాణం మొదలయ్యే చోటు నుంచి కాదు, సీట్లు తక్కువగా దొరికే చోటు నుంచి మొదలుపెట్టాలి. రాత్రి రైలు ఉంటే ముందు దాని బెర్తు చూడాలి. ఆ తర్వాత యూరోస్టార్, టీజీవీ. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోపలి పగటి రైళ్లు చివర్లో చూసుకున్నా పర్వాలేదు, గంటకో రెండు గంటలకో ఒకటి దొరుకుతుంది. చాలా సంస్థలు మూడు నుంచి ఆరు నెలల ముందు అమ్మకం తెరుస్తాయి, యూరోస్టార్ ఇంకా ముందే తెరుస్తుంది. యూరప్ అంతటా ఏటా డిసెంబరు రెండో శనివారం అర్ధరాత్రి టైంటేబుల్ మారుతుంది. ఆ తేదీ దాటిన ప్రయాణాలకు టికెట్లు ఆలస్యంగా రావడం మామూలే. రైలు కనిపించలేదంటే రద్దయిందని అనుకోకండి. వచ్చే వారంలో అదే రోజుకు (సోమవారమైతే సోమవారానికే) జర్మన్ రైల్వే వెబ్‌సైట్‌లో వెతికితే మామూలుగా ఏ రైళ్లు నడుస్తాయో తెలిసిపోతుంది, పరాయి దేశాల రైళ్లు కూడా చాలావరకు అందులో ఉంటాయి. ప్రయాణంలో అన్ని అంచెలూ అమ్మకానికి వచ్చాయో లేదో చూడకుండా, డబ్బు తిరిగిరాని టికెట్ ఒక్కటీ కొనొద్దు.

స్టేషన్ పేర్ల దగ్గర జాగ్రత్త. బ్రస్సెల్స్‌లో మిడీ అన్నా జౌద్ అన్నా ఒకే స్టేషన్, ఒకటి ఫ్రెంచి పేరు, ఒకటి డచ్చి పేరు. వెనిస్‌లో మాత్రం మెస్త్రె వేరు, శాంతా లూచియా వేరు. మెస్త్రె ఇవతలి గట్టున ఉంది, కాలువల ఊరికి వెళ్లాలంటే శాంతా లూచియాలో దిగాలి. మాడ్రిడ్‌లో ఆతోచా ఒక కొస, చమార్తిన్ ఇంకో కొస. కొలోన్‌లో కొన్ని వేగపు రైళ్లు ప్రధాన స్టేషన్‌కు రాకుండా నది అవతల డాయిట్స్‌లో ఆగుతాయి. స్పెయిన్‌లో వేగపు రైళ్లకు సామాను స్కానింగ్ ఉంటుంది, కాబట్టి పరుగెత్తుకొచ్చి ఎక్కుదామంటే కుదరదు.

ఇక టికెట్ ఒకటా, రెండా? ధర ఒకటే అయినా, రైలు తప్పినప్పుడు తేడా తెలుస్తుంది. మొత్తం దారికి ఒకే ప్రయాణంగా అమ్మిన టికెట్ ఉంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేది. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గమ్యానికి 60 నిమిషాలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమయ్యేలా ఉంటే, వేరే దారిలో వెళ్లడమో డబ్బు వెనక్కి తీసుకోవడమో మీ ఇష్టం. ప్రయాణం పూర్తిచేస్తే 60 నుంచి 119 నిమిషాల ఆలస్యానికి చార్జీలో 25 శాతం, 120 నిమిషాలు, అంతకు మించితే 50 శాతం పరిహారం. విపరీతమైన వాతావరణం లాంటి కారణాలకు పరిహారం రాదు. రైల్వే సొంత సిబ్బంది సమ్మె ఆ మినహాయింపు కిందికి రాదు. విడివిడిగా కొన్న టికెట్లకు ఈ రక్షణ మధ్యలో తెగిపోతుంది. కొన్ని సంస్థలు మర్యాదకొద్దీ తర్వాతి రైలు ఎక్కనిస్తాయి, కానీ దాన్ని నమ్ముకుని ప్లాను వేయకూడదు. విడి టికెట్లతో వెళ్తున్నారంటే, మారే చోట రోజులో ఆఖరి రైలును మాత్రం ఎంచుకోకండి. దాని వెనక కనీసం ఇంకొకటి ఉండాలి.

జర్మనీ మీదుగా వెళ్తుంటే మరింత వ్యవధి పెట్టండి. 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కేసినా, 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో 62.5 శాతమే సమయపాలన పాటించాయి. జర్మన్ రైల్వే వెబ్‌సైట్ 8 నిమిషాల్లో మారమని చూపిస్తుంది. వెతికేటప్పుడే మారే వ్యవధిని 45 నిమిషాలకు మార్చుకోండి, ఆ సౌకర్యం అందులోనే ఉంది. చవక టికెట్ అదే రైలుకు కట్టుబడి ఉంటుంది. అయితే గమ్యానికి కనీసం 20 నిమిషాలు ఆలస్యమవుతుందని తేలితే ఆ కట్టు ఊడిపోతుంది, వేరే రైలెక్కొచ్చు.

ఎంచుకున్నన్ని రోజులు పలు దేశాల రైళ్లలో తిరగనిచ్చే పాస్ లాభమా అంటే, ఎన్ని రోజులు తిరుగుతారన్న దాన్ని బట్టి. యూరప్‌లో నివాసం ఉన్నవాళ్లకు ఇంటర్‌రైల్, మిగతావాళ్లకు యూరైల్. నెలలో 4, 5 లేదా 7 ప్రయాణ రోజుల పాస్‌లు సాధారణంగా సరిపోతాయి. 27 ఏళ్లు, అంతకు లోపు వారికి, 60 ఏళ్లు, అంతకు పైబడినవారికి రాయితీ ఉంది. పాస్ చేతిలో ఉంటే చాలు, ఏ రైలైనా ఎక్కొచ్చనుకోవడం పొరపాటు. టీజీవీ, యూరోస్టార్, ఇటలీ ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్ ఏవీఈ లాంటి వేగపు రైళ్లకు పైన డబ్బు కట్టి సీటు రిజర్వు చేసుకోవాలి. టీజీవీ, యూరోస్టార్‌లలో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించిన సీట్లు కొన్నే, రైల్లో ఖాళీ ఉన్నా అవి అయిపోతాయి. ఒకసారి వెళ్లి ఒకసారి వచ్చే ప్రయాణానికైతే ముందుగా కొన్న టికెట్లే తరచుగా చవక.

రాత్రి రైలు ఒక హోటల్ గదిని ఆదా చేస్తుంది. పాస్‌లో కూడా, మర్నాడు మరో రైలు ఎక్కనంతవరకు, బయలుదేరిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది. కూర్చునే సీటు కొనకండి, తెల్లారేసరికి పశ్చాత్తాపపడతారు. నలుగురు లేదా ఆరుగురు పడుకునే కూషెట్‌లో దుప్పటి, దిండు ఇస్తారు, ఆడా మగా కలిసే ఉంటారు. ఆడవాళ్లకు మాత్రమే అనే కంపార్ట్‌మెంట్ కావాలంటే బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి. ఒకరి నుంచి ముగ్గురి వరకు ఉండే స్లీపర్‌కు ధర ఎక్కువ, నిద్ర కూడా ఎక్కువే. తిండి, నీళ్లు వెంట పెట్టుకోండి. మీ బోగీ చెడి మామూలు సీట్ల బోగీ తగిలించే సందర్భాలుంటాయి. అప్పుడు సిబ్బంది చేత ఆ విషయం రాయించుకుంటే బెర్తుకు కట్టిన తేడా అడగడం సులువు. పొద్దున దిగాక ముఖ్యమైన రైలు రెండు గంటల లోపు పెట్టుకోవద్దు.

చాలా రాత్రి రైళ్లు దారి మధ్యలో విడిపోతాయి, ముందు బోగీలు ఒక ఊరికి, వెనకవి మరో ఊరికి. రెండు టీజీవీలు కలిపి నడిపినప్పుడు మాత్రం ఒక దాన్నుంచి మరొక దానిలోకి లోపలి నుంచి దారి ఉండదు. తలుపు పక్కన రాసిన గమ్యం, బోగీ నంబరు టికెట్‌తో సరిచూశాకే సామాను పైకెత్తండి.

సమ్మె ప్రకటన వినిపిస్తే వెంటనే టికెట్ రద్దు చేసుకోకండి. ఫ్రాన్స్‌లో సమ్మెలో పాల్గొనే సిబ్బంది 48 గంటల ముందు చెప్పాలి, కాబట్టి ఏ రైళ్లు నడుస్తాయో ముందు రోజు సాయంత్రానికి తెలుస్తుంది. ఇటలీలో సమ్మె రోజున కూడా కచ్చితంగా నడపాల్సిన దూరప్రయాణ రైళ్ల జాబితా ఉంటుంది. మీ రైలు నంబరు అందులో ఉందేమో చూడండి.