ట్రౌట్ చేపకు ఈగ ఎర కట్టడం: సమస్యలు, పరిష్కారాలు

ట్రౌట్ చల్లటి నీటి చేప కనుక అనంతపురం చెరువుల్లో దానికి చోటు లేదు. దాన్ని పట్టాలంటే నీలగిరి వాగులకో, హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదికో పోవలసిందే. అయితే గాలపు ముల్లుకు దారం, ఈకలు చుట్టి పురుగులా కనిపించేలా తయారుచేసే ఈగ ఎరను మాత్రం ఇక్కడ ఇంట్లోనే కట్టుకోవచ్చు. ఎర పాడయ్యేది వాగు దగ్గరైనా, దానికి కారణం చాలాసార్లు బల్ల మీద వేసిన మొదటి చుట్లలోనే ఉంటుంది.

సమస్య: చుడుతుండగా దారం పదేపదే తెగుతోంది.

ముందుగా ఎక్కడ తెగుతోందో చూడాలి. ప్రతిసారీ ముల్లు మొన దగ్గరే తెగుతుంటే, చుట్టేటప్పుడు దారం మొనకు రాసుకుంటోందని అర్థం. మొన కనిపించకుండా ముల్లును వైస్ (ముల్లును కదలకుండా పట్టి ఉంచే బిగింపు పరికరం) దవడల్లో ఇంకాస్త లోపలికి బిగిస్తే సరిపోతుంది. బాబిన్ (దారపు కండెను పట్టి ఉంచి, సన్నని గొట్టంలోంచి దారాన్ని వదిలే పనిముట్టు) గొట్టం అంచు దగ్గర తెగుతుంటే కొంచెం దూదిని ఆ అంచుకు రాసి చూడండి, పోగులు పట్టుకుంటే అంచు గరుకుగా ఉన్నట్టే. రెండూ కాకపోతే దారమే పాతబడి ఉంటుంది. కిటికీ పక్కన ఎండ పడే చోట ఉంచిన పట్టుదారం ఒక్క వేసవిలోనే బలం కోల్పోతుంది. ధర్మవరం నేత పట్టుపోగు ఎర శరీరానికి చక్కగా నప్పుతుంది కానీ నున్నగా ఉండి జారుతుంది కనుక తేనెమైనం పట్టించి వాడాలి. తడిస్తే దాని రంగు ముదురుతుందని గుర్తుంచుకుని, కావలసిన దానికన్నా ఒక ఛాయ లేతగా ఎంచుకోవాలి.

సమస్య: శరీరం మొత్తం ముల్లు కాడ మీద గిర్రున తిరుగుతోంది.

నున్నటి ఇనుము మీద నేరుగా సరుకు కట్టడమే కారణం. ముందు కాడ పొడవునా దారంతో దగ్గర దగ్గరగా ఒక వరుస చుట్టాలి.

సమస్య: తేలవలసిన ఎర మునిగిపోతోంది.

కొత్తగా నేర్చుకునేవారిని ఎక్కువగా విసిగించేది ఇదే. కోడిమాంసం దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఈకలతో నేను కట్టిన మొదటి ఎరలు స్టీలు బేసిన్‌లో వేయగానే అడుగుకు పోయాయి. ఆరు వారాలకే కోతకు వచ్చే బ్రాయిలర్ ఈక మెత్తగా ఉండి నీరు పీలుస్తుంది. పెట్ట ఈక కూడా అంతే, అది మునిగే ఎరలకే పనికొస్తుంది. తేలే ఎరకు ఏడాది దాటిన నాటు పుంజు మెడ ఈక కావాలి. దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుంటే కాడకు ఇరువైపులా మసకగా, అల్లుకున్నట్టుగా ఒక పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ ఎంత సన్నగా ఉంటే ఈక అంత మంచిది. తర్వాత ఈకను వంచి, విచ్చుకున్న పోగుల పొడవును ముల్లు కాడకూ మొనకూ మధ్య ఉన్న దూరంతో పోల్చాలి, దానికి ఒకటిన్నర రెట్లుంటే కొలత కుదిరినట్టే. ఈక బాగుండి కూడా ఎర మునుగుతుంటే, శరీరానికి ఉన్ని ఎక్కువ చుట్టారేమో చూసుకోవాలి.

మన ఎండలకు ఎండిపోయిన ఈక కాడ చుట్టేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. మరుగుతున్న నీటి ఆవిరికి కొన్ని క్షణాలు చూపితే అది మళ్ళీ వంగుతుంది.

సమస్య: నెమలి ఈక పోగు రెండు చేపలకే తెగిపోతోంది.

ఆ పోగు నాజూకైనది, ట్రౌట్ పళ్ళకు ఆగదు. దాన్ని కట్టే దారంతో పురిపెట్టి చుట్టి, ఫ్యాను వైండింగుకు వాడే సన్నని రాగి తీగను వ్యతిరేక దిశలో ఎడంగా పైన చుడితే, ఒకచోట తెగినా తక్కినది విప్పుకుపోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నెమలికి రక్షణ కల్పిస్తున్నందున, సహజంగా రాలిన ఈక తప్ప మరొకటి ముట్టుకోవద్దు.

సమస్య: ఎర తల దగ్గరి చుట్లు విప్పుకుపోతున్నాయి, లేదా గాలపు తాడు దూర్చే ముల్లు కన్ను మూసుకుపోతోంది.

మామూలు ముడి ఒక్కటి వేసి వదిలేస్తే తల నిలవదు. దారం చివరను తల మీద పొడవుగా ఆనించి, దానిపైనే నాలుగైదు చుట్లు చుట్టి, చివరను చుట్ల కిందుగా లాగి బిగించాలి. కన్ను మూసుకుపోవడానికి చోటు వదలకపోవడం ఒక కారణమైతే, వేసవిలో సీసాలోనే చిక్కబడిన వార్నిష్ మరొకటి. ఈకలు కట్టడం మొదలుపెట్టకముందే కన్ను వెనక, కన్నంత పొడవు ఖాళీ ఉంచుకోవాలి. వార్నిష్‌లో కొద్దిగా థిన్నర్ కలిపి, సూదిమొనతో ఒక్క చుక్కే పెట్టి, అది ఆరకముందే ఒక ఈక కాడను కన్నులోంచి దూర్చి లాగేయాలి.