క్యాంపస్ తెరిచే నెలలో విద్యార్థి సంఘం పని ఎలా నడపాలి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల విద్యార్థి సంఘం ఎన్నికలు ఈమధ్య సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య జరుగుతున్నాయి. కొత్త బ్యాచ్ మాత్రం జులై, ఆగస్టుల్లోనే దిగిపోతుంది. అంటే ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ పనుండే నెల, పదవి చివరికొచ్చిన జట్టు నెత్తిన పడుతుంది. అప్పటికి జట్టులో సగంమంది థీసిస్‌లోనో ఉద్యోగాల వేటలోనో ఉంటారు. మిగిలిన ఇద్దరు ముగ్గురే బండి లాగాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివరి నుంచి ఎన్నికలే లేవు కాబట్టి అక్కడ ఇదే పని విద్యార్థి సంస్థల కార్యకర్తలు, క్లాస్ రిప్రజెంటేటివ్‌లు చేస్తుంటారు.

ఆ నెలలో మీ ఫోను ఆగదు. ప్రతి ఫోనుకూ పరిగెత్తి ఒక్కొక్కరి పనీ చేసిపెడితే మంచి పేరొస్తుంది. కానీ మీ నంబరు దొరికినవాళ్లకే పని జరుగుతుంది, దొరకనివాళ్లు గేటు దగ్గరే ఉండిపోతారు. అందుకని ఎవరు ఏ సమస్యతో వచ్చినా ముందు రిజిస్టర్‌లో రాయండి. ఒకే రకం సమస్యలన్నీ పోగేసి ఒకే వినతిపత్రంగా ఆఫీసుకు ఇవ్వండి. జవాబు రాతలో తీసుకోండి. కింద చెప్పేదంతా ఈ మూడు పనుల చుట్టూనే తిరుగుతుంది.

1. తెరవడానికి రెండు వారాల ముందే ఆఫీసులు తిరగండి

డీన్ స్టూడెంట్స్ వెల్ఫేర్, చీఫ్ వార్డెన్, అడ్మిషన్లు చూసే అకడమిక్ సెక్షన్, ఫైనాన్స్ సెక్షన్. ఈ నాలుగు చాలు. వైస్ చాన్సలర్‌తో ఫొటో తర్వాతైనా దిగొచ్చు. వెళ్లేటప్పుడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: ఈసారి సీట్లు ఎన్ని, హాస్టల్ ఖాళీలు ఎన్ని, మెస్ ఏ తేదీ నుంచి మొదలు, ఆదివారం వచ్చేవాళ్లకు తాళం ఎవరిస్తారు? ఆఖరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు సిద్ధంగా ఉండదు. అందుకే అది ముందే అడగాలి.

పెద్దాయన గదిలో టీ తాగి బయటికొచ్చాక సూపరింటెండెంట్ బల్ల దగ్గర కూడా పది నిమిషాలు కూర్చోండి. ఫైలు కదిలేది ఆ బల్ల మీదుగానే. గదికి తిరిగొచ్చాక 'ఈరోజు మీరు చెప్పినవి ఇవి' అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. నోటిమాట వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు, మెయిల్ ఉంటుంది.

2. హెల్ప్ డెస్క్ ఎక్కడ, ఎలా

కాకినాడ నుంచి గౌతమి, తిరుపతి నుంచి నారాయణాద్రి పొద్దున్నే యూనివర్సిటీకి దగ్గర్లోని లింగంపల్లిలో దించుతాయి. ఆఫీసు తెరిచేది తొమ్మిదిన్నర, పదికి. ఈ మధ్యలో ట్రంకుపెట్టెతో, బక్కెట్లో కుక్కిన దుప్పటితో, అమ్మానాన్నలతో వచ్చిన పిల్లలు గేటు దగ్గరే నిలబడతారు. కాబట్టి బల్ల గేటు పక్కనే వేయండి, ఏడింటికల్లా ఒకరు అక్కడ ఉండేలా చూసుకోండి. మంచినీళ్ల క్యాను, నాలుగు కుర్చీలు, దగ్గర్లోని బాత్రూం తాళం. ప్రయాణం చేసొచ్చిన తల్లులు మొదట అడిగేది బాత్రూం ఎక్కడని.

బల్ల మీద స్టేప్లర్, గమ్, పెన్నులు, క్యాంపస్ మ్యాపు జిరాక్సులు, సరైన నమూనాలో నింపి చూపించిన ఫారాలు ఒక్కొక్కటి పెట్టండి. తెలుగు, హిందీ, మలయాళం, బెంగాలీ మాట్లాడేవాళ్లను షిఫ్టుల్లో సర్దండి. ఏఎస్‌ఏ, ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ, ఎన్‌ఎస్‌యూఐ లాంటి విద్యార్థి సంస్థలవాళ్లు ఎవరి బల్ల వాళ్లు వేసుకుంటారు, వేసుకోనివ్వండి. ఎన్నికైన సంఘం బల్ల దగ్గర మాత్రం ఏ జెండా లేకపోతే కొత్తవాళ్లు భయం లేకుండా వస్తారు. మీ ఫొటోతో స్వాగతం ఫ్లెక్సీ కట్టే డబ్బులుంటే వాటితో జిరాక్సులు తీయించండి.

వాట్సాప్ గ్రూపు పెడితే అడ్మిన్‌లు మాత్రమే రాసేలా పెట్టండి. లేకపోతే రెండో రోజుకే పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల ఏజెంట్లు దూరిపోతారు, మీరు పెట్టిన కౌన్సెలింగ్ తేదీ వాళ్ల ప్రకటనల కింద కనపడకుండా పోతుంది.

3. సర్టిఫికెట్ల దగ్గర చిక్కుముడులు

క్యూలో ఎక్కువ కన్నీళ్లు వచ్చేది ఇక్కడే. మన తెలుగు పిల్లలకు ముఖ్యంగా ఒక చిక్కుంది. మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వ అవసరాలకు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఓబీసీ సీటుకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటని కుటుంబం) అని రాసి ఉన్న సర్టిఫికెట్ కావాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, నిరుడు తీసుకున్నది పనికిరాదు. కుటుంబ ఆదాయ పరిమితి ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ రెండింటికీ 8 లక్షలే అయినా లెక్కగట్టే పద్ధతి వేరు.

ఇదంతా అడ్మిషన్ రోజు చెబితే ఆ పిల్లవాడు మళ్లీ పలాసకో ఆదిలాబాద్‌కో రైలెక్కాలి. మెరిట్ జాబితా వచ్చిన రోజే తెలుగులో ఒక్క పేజీ నోటు తయారుచేసి పంపండి. సరైన నమూనా ఫొటో పక్కన తప్పు నమూనా ఫొటో పెట్టి చూపిస్తే పేజీడు వివరణ అక్కర్లేదు, ఎమ్మార్వో ఆఫీసులో కూడా అదే చూపించి అడగొచ్చు.

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ మెమోలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రానివాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లందరి పేర్లూ కలిపి ఒకే వినతిపత్రం ఇచ్చి, హామీపత్రం మీద గడువు అడగండి. ఒక్కొక్కరు విడిగా వెళ్తే క్లర్కు కాదంటాడు. నలభైమంది పేర్లతో వెళ్తే డీన్ సర్క్యులర్ ఇస్తారు.

ఒరిజినల్స్ ఎక్కడా వదిలి రావద్దని అందరికీ చెప్పండి. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం విద్యాసంస్థ ఒరిజినల్స్ సరిచూసి అక్కడికక్కడే తిరిగివ్వాలి, తన దగ్గర ఉంచుకోకూడదు.

4. సీటు వదులుకునేవాళ్ల ఫీజు

వేరేచోట సీటొచ్చి వెళ్లిపోయేవాళ్లు ఫీజు పోయిందనుకుని ఊరుకుంటారు. అదే 2018 నోటిఫికేషన్‌లో లెక్క ఉంది. అడ్మిషన్లకు ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు, లేదా అంతకంటే ముందే మానుకుంటే మొత్తం ఫీజు తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలు దాటకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల్లోపైతే 90 శాతం. తేదీ దాటాక 15 రోజుల వరకు 80, అక్కడి నుంచి 30 రోజుల వరకు 50, ఆపైన ఏమీ రాదు. ఈమధ్య యూజీసీ కొన్నేళ్లు ఇంతకంటే మెరుగైన గడువులు కూడా ప్రకటించింది, కాబట్టి ఆ ఏటి సర్క్యులర్ చూసి చెప్పండి.

5. హాస్టల్ గదులు

నెలంతా మీ నిద్ర తినేసేది ఇదే. కాగితం మీద ఖాళీ అని రాసి ఉన్న గది దగ్గరికెళ్తే తలుపుకు తాళం వేలాడుతుంది. లోపల వెళ్లిపోయిన సీనియర్ పరుపు, కూలర్, అట్టపెట్టెల్లో పుస్తకాలు. ఆయన ఫోన్ చేస్తే 'తమ్ముడూ, వచ్చే వారం వచ్చి తీసుకెళ్తా' అంటాడు. ఆ వచ్చే వారం దసరాకి వస్తుంది.

చీఫ్ వార్డెన్ ఆఫీసు నుంచి గది నంబర్లతో సహా ఖాళీల జాబితా తీసుకోండి. ఇద్దరిద్దరు చొప్పున హాస్టళ్లు పంచుకుని, కేర్‌టేకర్‌ను వెంటపెట్టుకుని తలుపు తలుపూ తిరగండి. ప్రతి గది ఎదురుగా మూడింట్లో ఒకటి రాయండి: నిజంగా ఖాళీ, సామాను ఉంది, మనిషే ఉన్నాడు. ఫ్యాను తిరుగుతోందా, కిటికీ రెక్క ఉందా, గోడలో చెమ్మ ఉందా అన్నది కూడా అప్పుడే రాసేయండి. ఆఫీసు లెక్కకూ మీ లెక్కకూ తేడా ఎంతో రుజువుతో చూపించగలిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది. సామాను ఉన్న గదులకు తేదీ వేసి నోటీసు అంటించమని అడగండి. తేదీ దాటాక కేర్‌టేకర్ ఎదుట వస్తువుల జాబితా రాసి స్టోరుకు మార్పించండి. తాళం మాత్రం మీరు పగలగొట్టకండి. ఆ తర్వాత పోయిన ప్రతి వస్తువూ మీ ఖాతాలో పడుతుంది.

గది ఎప్పుడూ ఎక్కువ రోజులు పట్టే వ్యవహారమే. ఈలోగా రీడింగ్ రూమో డార్మిటరీనో తాత్కాలికంగా ఇవ్వమని రాతలో అడగండి. వికలాంగ విద్యార్థులకు కింది అంతస్తు గది మొదటి రోజే దక్కాలి, వాళ్లను తాత్కాలికం జాబితాలో పెట్టనివ్వకండి. తర్వాత దూరం నుంచి వచ్చినవాళ్లు. హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్లు ఆఖరు. ఈ వరస ముందే అన్ని సంస్థలవాళ్లతో కూర్చుని ఒప్పుకుని, నోటీసు బోర్డు మీద పెట్టండి. ఎందుకంటే రెండో రోజు మీ సొంత మనిషే వస్తాడు: 'అన్నా, మనోడొకడున్నాడు, చూడు.' ఎన్నికల్లో మీకోసం రాత్రుళ్లు తిరిగినవాడు, ముఖం మీద కాదనడం కష్టం. బోర్డు మీద జాబితా ఉంటే 'అదిగో చూడరా, నీవాడు అరవై రెండో నంబరు' అనడం తేలిక.

తండ్రులు వచ్చి 'బాబూ, మావాడిని ఎక్కడ పడుకోబెట్టాలి?' అని అడిగినప్పుడు చూద్దాం, చేద్దాం అనకండి. ఈ రాత్రి ఎక్కడ, వారం దాకా ఎక్కడ, జాబితాలో ఎన్నో నంబరు అన్నది చెప్పండి. అది విన్నాక చాలామంది నిశ్చింతగా రాత్రి రైలెక్కుతారు.

6. మెస్, బస్సు

మెస్‌లో మొదటి వారం అంచనా తప్పుతుంది, అన్నం అయిపోతుంది. చేరినవాళ్ల సంఖ్య రోజూ సాయంత్రం మెస్ సెక్రటరీకి పంపితే చాలు. బస్సు విషయంలో ఒక మాట చెప్పాలి: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం, కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్ర నుంచో కేరళ నుంచో వచ్చిన అమ్మాయిలు జీరో టికెట్ అడిగి కండక్టర్ దగ్గర మాట పడుతుంటారు. వాళ్లకు స్టూడెంట్ పాస్ ఫారాలు బల్ల దగ్గరే ఇచ్చేయండి.

7. ర్యాగింగ్, వేధింపుల ఫిర్యాదులు

యూజీసీ 2009 నిబంధనల ప్రకారం విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది. ఈ నంబరు హాస్టల్ బాత్రూం తలుపుల లోపలివైపు అంటించండి. నోటీసు బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకోవాలంటే నలుగురూ చూస్తారు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు మీ దగ్గరికొస్తే మీరు విచారణ చేయకండి, రాజీ అసలే వద్దు, రిజిస్టర్‌లో పేరు రాయకండి. ఇది ఒక్కటి రిజిస్టర్ పద్ధతికి మినహాయింపు. ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీకి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతలో ఫిర్యాదు ఇవ్వాలని చెప్పి, ఆమె కోరితే తోడు వెళ్లండి. విద్యార్థుల కేసుల్లో కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. ఆ స్థానాలు ఖాళీగా ఉన్నాయేమో తెరిచే ముందే కనుక్కోండి. నిద్రపట్టడం లేదు, ఇంటికి పోవాలనిపిస్తోంది అనేవాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. అక్కడ తెలుగులో కూడా మాట్లాడతారు.

8. ఫెలోషిప్‌లు మరచిపోకండి

కొత్తవాళ్ల హడావుడిలో పాత రీసెర్చ్ స్కాలర్ల గోడు వెనక్కి పోతుంది. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరిన పీహెచ్‌డీ విద్యార్థికి ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. అదీ మూడు నాలుగు నెలలు ఆగితే మెస్ బిల్లు బాకీ పడుతుంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. 2016లో మరణించిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్ రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు తనకు రావాల్సి ఉందని రాశారు. విభాగాల వారీగా ఎవరికి ఎన్ని నెలలు ఆగిందో పట్టిక వేసి ఆగస్టు మొదటి వారంలోనే ఫైనాన్స్ ఆఫీసర్‌కు ఇవ్వండి. అడ్డం ఎక్కడ పడిందో, గైడు సంతకమా, విభాగమా, ఢిల్లీ నుంచి నిధులా, ఒక గడిలో రాయించుకోండి. బాకీ ఉన్నవాళ్లకు మెస్ ఆపకూడదని అదే కాగితంలో అడగండి.

9. ఫ్రెషర్స్ పార్టీ, ఆ తర్వాత ఎన్నికలు

పార్టీ తేదీ హాస్టల్ గదులు సర్దుకున్నాకే పెట్టండి. పడుకోవడానికి చోటు లేనివాడి ముందు డీజే పెడితే తిట్టుకుంటాడు. ఆడిటోరియం అనుమతి రాతలో తీసుకోండి, రాత్రి 10 తర్వాత ఆరుబయట మైకు వాడకూడదన్నది చట్టం. స్పాన్సర్ ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు రాయండి.

విద్యార్థి సంఘం ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ 2006 సిఫారసుల ప్రకారం తరగతులు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు జరగాలి. అభ్యర్థికి ఖర్చు పరిమితి 5,000 రూపాయలు, హాజరు 75 శాతం ఉండాలి, అచ్చువేసిన పోస్టర్లు కూడదు. అందుకే సెప్టెంబరు మొదట్లోనే సంఘం లెక్కలు మూసి, బిల్లులతో సహా బోర్డు మీద పెట్టేయండి. ప్రచారం మొదలయ్యాక లెక్క చూపిస్తే ఎవరూ నమ్మరు.

కొత్త జట్టు గెలిచాక, వాళ్లు మీ ప్రత్యర్థులే అయినా సరే, రిజిస్టర్, సంఘం మెయిల్ పాస్‌వర్డ్, ఆఫీసు తాళాలు అదే వారం అప్పగించండి. తేలని గదులు, రాని ఫెలోషిప్‌లు వేరే కాగితం మీద రాసివ్వండి. కొత్త జనరల్ సెక్రటరీని తీసుకుని ఫైనాన్స్ సెక్షన్‌కు వెళ్లి, ఆ ఫైళ్లు చూసే క్లర్కుకు పరిచయం చేసి రండి.