కరెంటు తక్కువ తాగే సామాను కొనే ముందు ఈ లెక్క చూస్కోండి

షోరూంలో "సార్, రెండేళ్లలో డబ్బులు వచ్చేస్తాయి" అనగానే కార్డు తీయకండి, ముందు ఏడాది కరెంటు బిల్లులు ముందేసుకుని ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో చూడండి. సగటు రేటు పట్టుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే మనం మిగిల్చేది ఎప్పుడూ పై స్లాబు యూనిట్లే, అంటే ఎక్కువ రేటు పడేవే.

హైదరాబాద్‌లో అసలు మెలిక 200 యూనిట్ల దగ్గరుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఇళ్ల రేట్ల ప్రకారం 100 దాటి 200 లోపైతే మొదటి వందకి యూనిట్‌కి 3.40 రూపాయలు, రెండో వందకి 4.80. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200కీ 5.10 చొప్పున పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. అంటే 215 కాలితే ఎనర్జీ చార్జీలే (యూనిట్ల మీద పడేవి) 1135, అదే 199 అయితే 815.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తాగే మోటారు ఉండే ఫ్యాన్) 30 దాకా, రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. పై 215 ఇంట్లో ఆ ఒక్క ఫ్యానే 320 రూపాయలు ఆపుతుంది, మూడు వేల ఫ్యాన్ పది నెలల్లో తీరిపోతుంది. 350 కాల్చే ఇంట్లో మాత్రం 300 దాటిన యూనిట్లకి 9 చొప్పున 144 రూపాయలే, అంటే దగ్గర దగ్గర రెండేళ్లు.

ఏసీకి లేబుల్ మీద రాసే యూనిట్లు ఏడాదికి 1600 గంటల లెక్క. మనలో చాలామంది ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రిళ్లే వేస్తాం, రాత్రికి ఎనిమిది గంటలనుకున్నా అది 730 గంటలు దాటదు, కాబట్టి 5 స్టార్‌కి ఎక్స్‌ట్రా ఎనిమిది వేలు పెట్టడం గెస్ట్ రూంకైతే దండగ అంటాను నేను.

డబ్బు సర్దుబాటుకొస్తే, నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి, క్యాష్ డిస్కౌంట్ కూడా పోవచ్చు, అవన్నీ ధరలో కలిపాకే ఎన్ని నెలల్లో తీరుతుందో చూడండి. సొంత డాబా ఉండి నెలకి 300 యూనిట్లు దాటుతుంటే సోలార్ ఆలోచించండి, ఇంటి పైన ప్యానెళ్లకి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది, బ్యాంకులు దీనికి విడిగా లోన్ ఇస్తాయి, పర్సనల్ లోన్ కన్నా వడ్డీ తక్కువ. కాకపోతే సబ్సిడీ ప్యానెళ్లు పెట్టాకే అకౌంట్‌లో పడుతుంది, అప్పటిదాకా డబ్బు మీరే సర్దుకోవాలి.

గృహజ్యోతిలో (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే తెలంగాణ పథకం) జీరో బిల్లు వచ్చేవాళ్లకి ఇవేవీ తొందర లేదు, 200కి ఆనుకుని ఉంటే మాత్రం ఎండాకాలం లోపు ఒక ఫ్యాన్ మార్చేయండి.