మిషనరీ తెల్లచొక్కా పసుపెక్కకుండా

ఫిలిప్పీన్స్ లాంటి ఉక్కపోత దేశానికి రెండేళ్ల మతప్రచార సేవకు వెళ్లే మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) కుర్రాళ్లకు బట్టలుతుక్కునే వీలు మామూలుగా వారానికి ఒక్కరోజే, సొంత పనులకు వదిలే ‘ప్రిపరేషన్ డే’ నాడు. అప్పటిదాకా విడిచిన చొక్కా అలాగే పడి ఉంటే చెమట, జిడ్డు కాలరుకు పట్టేస్తాయి. అందుకే ఏ రోజుకారోజు రాత్రి కాలరు, చంకలు చన్నీళ్లతో తడిపి, గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా రుద్ది, పావుగంట ఆగి మెత్తని బ్రష్‌తో తోమి జాడించండి. బాగా ఆరాకే బుట్టలో వేయాలి. తడిది వేస్తే బూజు చుక్కలొస్తాయి, అవి వదలడం మహా కష్టం.

క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దేవద్దు, చెమట మరకను అది ఇంకా పసుపు చేస్తుంది. మరక పోకముందే ఇస్త్రీ చేయకండి, వేడికి గుడ్డలో పాతుకుపోతుంది. చంకల్లో పసుపుకు చాలాసార్లు కారణం యాంటీపర్స్‌పిరెంట్‌లోని (చెమట తగ్గించేందుకు చంకల్లో రాసుకునేది) అల్యూమినియం. యాంటీపర్స్‌పిరెంట్ రాసుకుంటే, ఆరాకే చొక్కా తొడుక్కోండి.