రక్తం బ్యాగు మారకుండా: వార్డులో ఏ దశలో ఏం చూడాలి

రక్తం ఎక్కించేటప్పుడు ప్రాణం మీదికొచ్చే పొరపాటు చాలాసార్లు గ్రూపు పరీక్షలో జరగదు. ఒకరికి రావాల్సిన బ్యాగు ఇంకొకరికి పెట్టడంలో జరుగుతుంది. ఓ పాజిటివ్ రోగికి బి పాజిటివ్ రక్తం కొద్ది మిల్లీలీటర్లు వెళ్లినా చాలు. ఒంట్లో ముందే ఉన్న యాంటీబాడీలు ఆ ఎర్రకణాలను పగలగొడతాయి, బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

జాగ్రత్త శాంపిల్ తీసే దగ్గరే మొదలవ్వాలి. "లక్ష్మి గారేనా?" అని అడగొద్దు. మగతలో ఉన్నవాళ్లూ, చెవులు సరిగా వినబడని పెద్దవాళ్లూ ఏమడిగినా "ఆఁ" అంటారు. "అమ్మా, మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పించండి. మన వార్డుల్లో ఒకే రోజు ముగ్గురు లక్ష్ములు ఉండటం మామూలే. కేస్‌షీట్‌లో "కె. లక్ష్మి" అని ఉంటే కోట లక్ష్మో కొండా లక్ష్మో తేలదు కాబట్టి తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కూడా చూడాలి. మంచం నంబరును మాత్రం నమ్మొద్దు, రాత్రికి రాత్రే మంచాలు మారుతుంటాయి. స్పృహ లేనివాళ్లకు చేతి బ్యాండే ఆధారం. వెంట ఉన్నవాళ్లను కూడా అడగండి.

ట్యూబు మీద పేరు రక్తం తీశాకే, మంచం పక్కనే నిలబడి రాయాలి. ముందే రాసిపెట్టిన ట్యూబులు ట్రేలో ఉంటే ఏదో ఒకరోజు తారుమారు కాక తప్పదు. ఇక్కడ తప్పితే తర్వాతి తనిఖీలు కూడా కాపాడలేవు: బ్యాగు, దానితో బ్లడ్ బ్యాంక్ పంపే స్లిప్పు, బ్యాండ్ అన్నీ చక్కగా సరిపోతాయి, లోపలున్న రక్తం తప్ప. అందుకే పాత గ్రూపు రికార్డు లేని రోగికి వేరే సమయంలో, వీలైతే వేరే మనిషి తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపు సరిచూడటం మేలు. ఒకే సూదితో తీసి రెండు ట్యూబుల్లో పోసి పంపితే అది లెక్కలోకి రాదు.

బ్యాగు తెప్పించే ముందే సమ్మతి పత్రం, క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) సిద్ధంగా ఉండాలి. పెద్దవాళ్లకు గ్రీన్ లేదా పింక్ రంగు క్యాన్యులా సరిపోతుంది. బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ నుంచి బయటికొచ్చిన 30 నిమిషాల్లో మొదలుపెట్టి, 4 గంటల్లో ముగించాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ అరగంటలోపే తిప్పి పంపండి. వార్డులో మందుల ఫ్రిజ్‌లో పెట్టొద్దు. రక్తం ఉండాల్సింది 2–6 డిగ్రీల మధ్య, ఐసుకు తగిలితే కణాలు పగిలిపోతాయి. చల్లగా ఉందని వేడి నీళ్లలో ముంచడం అంతకన్నా ప్రమాదం. ప్లేట్‌లెట్లను అసలు ఫ్రిజ్‌లోనే పెట్టకూడదు.

చివరి తనిఖీ నర్సింగ్ కౌంటర్ దగ్గర చేస్తే చేయనట్టే. మంచం పక్కనే, ఇద్దరు, ఎవరికి వారు చదవాలి. ఒకరు చదువుతుంటే రెండోవారు తలూపడం తనిఖీ కాదు. చేతి బ్యాండ్ మీది పేరు, ఐపీ నంబరు స్లిప్పుతో కలవాలి. స్లిప్పు మీది బ్యాగు నంబరు, గ్రూపు బ్యాగుతో కలవాలి. గడువు తేదీ, గడ్డలు, లీకు, రంగు మారడం చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆపండి. "రాసేటప్పుడు పొరపాటయ్యుంటుందిలే" అన్న మాట దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

ఫిల్టర్ ఉన్న బ్లడ్ సెట్టే (రక్తం ఎక్కించే గొట్టం) వాడాలి, మామూలు సెలైన్ సెట్ పనికిరాదు. అదే లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప ఏదీ వద్దు. 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో కణాలు ఉబ్బి పగులుతాయి, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) ద్రవంలోని కాల్షియం రక్తాన్ని గడ్డకట్టించగలదు. మొదటి 15 నిమిషాలు నిమిషానికి 1–2 మి.లీ. మించొద్దు: మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే 20–40 చుక్కలు. అంతసేపూ రోగి పక్కనే ఉండాలి. ఉష్ణోగ్రత, నాడి, బీపీ, శ్వాస ముందొకసారి, 15 నిమిషాలకు, ఆపై గంటగంటకూ, ముగిశాక చూసి రాయాలి. అత్యవసరం కాకపోతే రాత్రిపూట మొదలుపెట్టకండి, చూసే కళ్లు తక్కువ.

వణుకు, నడుము నొప్పి, క్యాన్యులా దగ్గర మంట, ఆయాసం, 1 డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరగడం, కారణం చెప్పలేని గాభరా: వీటిలో ఏది కనిపించినా వెంటనే క్లాంప్ వేసి రక్తం ఆపండి. మత్తులో ఉన్న రోగి ఏమీ చెప్పలేడు కాబట్టి బీపీ పడటం, మూత్రం ఎర్రబడటం గమనించాలి. క్యాన్యులా ఉంచి, సెట్ మొత్తం మార్చి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి డాక్టర్‌ను పిలవండి. వెంటనే పేర్లు మళ్లీ సరిచూడండి. బ్యాగు మారి ఉంటే, ఈ రోగికి రావాల్సిన బ్యాగు ఇంకో మంచం దగ్గర వేలాడుతూ ఉండొచ్చు. బ్లడ్ బ్యాంక్‌కు ఆ క్షణమే ఫోన్ చేయాలి. బ్యాగును సెట్‌తో సహా, రెండో చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్స్, మొదటి మూత్రం పంపించండి. ఖాళీ బ్యాగైనా చెత్తలో పడేయొద్దు.

రియాక్షన్ ఫారం తప్పక నింపండి. రక్తం ఎక్కించడంలో వచ్చే రియాక్షన్లను నమోదు చేసే, 2012లో మొదలైన జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమానికి ఈ వివరాలు బ్లడ్ బ్యాంక్ ద్వారా వెళ్తాయి. ఎక్కించకముందే పట్టుకున్న తారుమారును కూడా బ్లడ్ బ్యాంక్‌కు చెప్పాలి, ఆ పూట తీసిన మరో ట్యూబు కూడా మారి ఉండొచ్చు.